కౌన్సెలింగ్ అంటే క్లాస్ పీకడమేనా? గంజాయి తగ్గించే పావుగంట మాటల గురించి

జిల్లా పేజీల్లో తరచూ కనబడే వార్త ఒకటుంది. ఊరి చివర వెంచర్లోనో, పాడుబడ్డ క్వార్టర్స్ వెనకాలో గంజాయి తాగుతూ నలుగురు కుర్రాళ్లు దొరుకుతారు. స్టేషన్‌కి తీసుకొస్తారు, తల్లిదండ్రుల్ని పిలిపిస్తారు, ‘కౌన్సెలింగ్ ఇచ్చి పంపించారు’ అన్న ముక్కతో వార్త అయిపోతుంది. ఫొటోలో కుర్రాళ్లు తలలు వంచుకుని వరసగా నిలబడి ఉంటారు. మాట్లాడేది కుర్చీలో కూర్చున్న ఒక్కరే.

మన వాడుకలో కౌన్సెలింగ్ అంటే ఇదే అయిపోయింది. పండక్కొచ్చిన బాబాయి మిద్దె మీదకి పిలిచి ఇచ్చేదీ ఇదే, కాలేజీలో హెచ్ఓడీ గదిలో జరిగేదీ ఇదే. కుర్రాళ్లు దీన్ని ‘క్లాస్ పీకడం’ అంటారు. వైద్యంలో ఈ మాటకి అర్థం దాదాపు తలకిందులు. అక్కడ ఎక్కువసేపు మాట్లాడాల్సింది అలవాటున్న మనిషి. ఎదురుగా ఉన్నవాళ్ల పని అడగడం, వినడం, విన్నదాన్ని అతనికే తిరిగి అప్పజెప్పడం. ఈ పద్ధతిలో పావుగంట మాట్లాడినా గంజాయి వాడకం తగ్గుతుందా? కొందరికి తగ్గుతుంది, కొందరికి తగ్గదు. ఎవరికి, ఎందుకు అన్నదే ఇక్కడ విప్పి చూడాల్సిన చిక్కుముడి.

ముందు ఈ సమస్య ఎంతమందిదో చూద్దాం. కేంద్ర సామాజిక న్యాయ, సాధికారత శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ మాదకద్రవ్య చికిత్సా కేంద్రం చేసిన దేశవ్యాప్త సర్వే 2019లో బయటికొచ్చింది. 10 నుంచి 75 ఏళ్ల మధ్యవాళ్లలో 2.8 శాతం, అంటే సుమారు 3.1 కోట్ల మంది, అంతకుముందు ఏడాదిలో భంగో గంజాయో చరసో వాడారని తేలింది. వాడకం ముదిరి సాయం అవసరమైనవాళ్లు సుమారు 72 లక్షలు. ఈ రెండు అంకెల మధ్య దూరాన్ని మనం పట్టించుకోం. వాడేవాళ్లలో ఎక్కువమందికి చికిత్స అవసరమయ్యే స్థాయి లేదు. అవసరమైన 72 లక్షల్లోనూ అందర్నీ ఎక్కడో చేర్పించనక్కర్లేదు. కానీ మన ఇళ్లలో దారులు రెండే. కొన్నాళ్లు చూసీ చూడనట్టు ఊరుకోవడం, ఒకరోజు జేబులో పొట్లం దొరికితే కొట్టి డీ-అడిక్షన్ సెంటర్‌కి ఈడ్చుకెళ్లడం. నడిమధ్యన ఉన్న పెద్ద గుంపు కోసమే చిన్న కౌన్సెలింగ్ పద్ధతులు పుట్టాయి.

ఆ నడిమి గుంపుని గుర్తించడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేయించిన ప్రశ్నావళి ఒకటుంది. పేరు అసిస్ట్. మొత్తం 8 ప్రశ్నలు. గత 3 నెలల్లో ఎన్నిసార్లు వాడారు? తాగాలని మనసు ఎంత గట్టిగా లాగుతోంది? దానివల్ల ఆరోగ్యం, డబ్బు, కేసులు, బంధాల్లో ఇబ్బంది వచ్చిందా? మామూలుగా చేయాల్సిన పని ఎగ్గొట్టారా? ఇంట్లోవాళ్లో స్నేహితులో బెంగపడ్డారా? తగ్గించుకుందామని చూసి తగ్గించుకోలేకపోయారా? ఇలా సాగుతాయి. జవాబుల్ని బట్టి గంజాయికి విడిగా ఒక స్కోరు వస్తుంది. 3 వరకు అయితే ప్రమాదం తక్కువ. 4 నుంచి 26 దాకా మధ్యస్థం, చిన్న కౌన్సెలింగ్ వాళ్లకే. 27, ఆపైన వస్తే పావుగంట మాట సరిపోదు, స్పెషలిస్ట్ దగ్గరికి పంపాలి. వాడే మనుషులందర్నీ ‘గంజాయి బ్యాచ్’ అని ఒకే గాటన కట్టకుండా, ఎవరికి ఎంత సాయం కావాలో ఇది కొలుస్తుంది.

ఇప్పుడు ఒక గదిలోకి తొంగిచూద్దాం. మనుషులు నేను కల్పించినవాళ్లు, సంభాషణ మాత్రం ఈ పద్ధతి నడిచే తీరులోనే రాస్తున్నాను. 23 ఏళ్ల కుర్రాడు. బీటెక్ అయిపోయింది, అమీర్‌పేటలో హాస్టల్లో ఉండి కోచింగ్ తీసుకుంటున్నాడు. ఆస్పత్రికి వచ్చింది గంజాయి గురించి కాదు, నిద్ర సరిగా పట్టట్లేదని. డాక్టర్ అడిగితే విషయం బయటపడింది. స్కోరు 17. ఎదురుగా నలభై దాటిన సైకాలజిస్టు కూర్చున్నారు.

‘మీ స్కోరు ఏం చెబుతుందో చూస్తారా?’ అని అడిగిందావిడ. తనకన్నా అంత పెద్దావిడ ‘మీరు’ అనడం, పైగా చెప్పడానికి ముందు తన అనుమతి అడగడం అతనికి వింతగానే ఉంటుంది. తలూపాడు. కాగితం తిప్పి 17 ఎక్కడ పడుతుందో చూపించి, ఈ స్థాయిలో కొనసాగితే ఏ ఇబ్బందులు రావచ్చో రెండు ముక్కల్లో చెప్పింది. ‘మానాలా, తగ్గించాలా, ఇలాగే ఉండాలా అనేది మీ ఇష్టం, మీ తరఫున నేను నిర్ణయించలేను’ అంది. ఆ తర్వాత,

‘తాగితే మీకు బాగుండేదేంటి?’

అతను ఒక్క క్షణం ఆగిపోయాడు. ఈ ప్రశ్న అతన్ని ఇంతవరకూ ఎవరూ అడిగి ఉండరు.

‘నిద్ర పడుతుంది మేడమ్. బుర్రలో గోల తగ్గుతుంది. రూమ్‌మేట్స్‌తో టెర్రస్ మీద అరగంట హ్యాపీగా ఉంటాం.’

‘బాగోలేనిది?’

‘పొద్దున లేవలేను. చదివింది నిలవట్లేదు. మొన్న ఒక ఇంటర్వ్యూకి వెళ్లలేదు... అమ్మకి వెళ్లాననే చెప్పా.’

‘ఇంటర్వ్యూ పోయినదానికన్నా అమ్మకి అలా చెప్పడం మిమ్మల్ని ఎక్కువ బాధపెడుతోంది.’

‘నెలనెలా డబ్బులు పంపేది ఆమే మేడమ్. టైలరింగ్ చేసి.’

ఆవిడ ఇక్కడ చేయని పనులు చూడండి. ‘చూశావా, మీ అమ్మ కుట్టుమిషన్ తొక్కి పంపితే నువ్వు తగలేస్తున్నావు’ అనలేదు. అనాలని ఎవరికైనా నోటి చివరిదాకా వస్తుంది. అన్నారంటే మాత్రం అతను ఇంట్లో చేసినట్టే చేస్తాడు: తలొంచుకుంటాడు, లేదా ‘సిగరెట్ కన్నా ఇది నయం’ అని వాదిస్తాడు. అమ్మ మాట అతని నోటి నుంచే వచ్చింది కాబట్టి దానికి ఎదురు వాదించలేడు.

‘తగ్గించుకోవడం మీకు ఎంత ముఖ్యం? 0 నుంచి 10లో ఎంత వేసుకుంటారు?’

‘ఐదు.’

‘ఐదు వేశారు. మూడు ఎందుకు వేయలేదు?’

ఈ పద్ధతిలో నాకు అన్నిటికన్నా నచ్చే ప్రశ్న ఇది. మనలాంటివాళ్లమైతే ‘ఐదేనా? పదెందుకు కాదు?’ అంటాం. అలా అడిగితే ఎందుకు మానలేడో ఒక్కొక్కటిగా చెప్పుకుంటూ పోతాడు, తన మాటలు తనే విని ఇంకా గట్టిపడతాడు. ‘మూడు ఎందుకు కాదు’ అంటే జవాబు చెప్పడానికి తగ్గించాల్సిన కారణాల్నే వెతుక్కోవాలి. ‘అంటే... ఈ నోటిఫికేషన్ పోతే మళ్లీ ఏడాది మేడమ్’ అంటాడు. పేపర్ మీద ఆ మాటని అతని మాటల్లోనే రాసుకుంటుంది ఆవిడ.

ఈ తీరుకి మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ అని పేరు. అమెరికా సైకాలజిస్టు విలియం మిల్లర్ 1982లో నార్వేలోని బెర్గెన్‌లో కొన్నాళ్లున్నారు. అక్కడి కుర్ర సైకాలజిస్టులు ఆయన కౌన్సెలింగ్ చేసి చూపిస్తుంటే మధ్యలో ఆపి, ఆ ప్రశ్నే ఎందుకడిగారు, ఆ మాట దగ్గర ఎందుకాగారు అని తవ్వి తవ్వి అడిగేవారట. అలవాటుగా చేసుకుపోతున్న పనికి సూత్రాలు వెతుక్కోవాల్సి వచ్చింది. 1983లో వ్యాసం రాశారు, తర్వాత బ్రిటన్‌లో పనిచేస్తున్న స్టీఫెన్ రోల్నిక్‌తో కలిసి దాన్ని పెంచారు. అప్పటికి మద్యం మానిపించే కేంద్రాల్లో గట్టిగా నిలదీయడమే వైద్యం అనుకునేవారు. ఆ నమ్మకం ఎంతవరకు నిజమో మిల్లర్ బృందం పరీక్షించి 1993లో ఫలితాలు ప్రచురించింది. కౌన్సెలర్ ఎంత ఎక్కువ నిలదీస్తే, ఏడాది తర్వాత ఆ మనిషి అంత ఎక్కువ తాగుతున్నట్టు తేలింది. స్టేషన్లో వరసగా నిలబెట్టిన ఫొటో చూసినప్పుడల్లా నాకు ఈ ఫలితమే గుర్తొస్తుంది. తిట్టేవాళ్ల ఉద్దేశం మంచిదే కావచ్చు. వాళ్లు కోరుకున్నదానికి వ్యతిరేకంగా పనిచేసే సాధనాన్ని చేతిలో పట్టుకున్నారు.

సరే, గంజాయి విషయంలో రుజువులేమిటి? ఇక్కడే జాగ్రత్తగా నడవాలి, ఎందుకంటే ఫలితాలన్నీ ఒకే దిక్కు చూపవు.

ముందు మనకి దగ్గరిది. అసిస్ట్ ప్రశ్నావళికి జతగా పావుగంట లోపు సాగే మాటని ఆస్ట్రేలియా, బ్రెజిల్, భారత్, అమెరికాల్లో పరీక్షించి 2012లో ప్రచురించారు. 731 మంది, అందరూ మధ్యస్థ స్కోరువాళ్లు. కొందరికి వెంటనే కౌన్సెలింగ్, కొందరికి 3 నెలలు ఆగాక. 3 నెలలకి పోల్చి చూస్తే మొత్తమ్మీద మాట్లాడిన గుంపు స్కోర్లే బాగా తగ్గాయి. గంజాయి వరకు చూస్తే భారత్, బ్రెజిల్‌లలో తేడా స్పష్టంగా కనబడింది. అమెరికాలో కనబడలేదు.

అదే అమెరికా నుంచి 2014లో రెండు పెద్ద పరీక్షల ఫలితాలు ఒకేసారి వచ్చాయి. బోస్టన్‌లో 528 మంది, వాషింగ్టన్ రాష్ట్రంలో 868 మంది. వేరే పని మీద క్లినిక్‌కి వచ్చినవాళ్లలో మాదకద్రవ్యాలు వాడేవాళ్లని ప్రశ్నలతో గుర్తించి చిన్న కౌన్సెలింగ్ ఇచ్చారు. బోస్టన్‌వాళ్లలో సగం కన్నా ఎక్కువమందికి ప్రధాన పదార్థం గంజాయే. రెండు చోట్లా ఫలితం దాదాపు సున్నా.

లండన్ కథ ఇంకోలా ఉంది. 16 నుంచి 20 ఏళ్ల కాలేజీ పిల్లలు 200 మందితో ఒకే ఒక్కసారి, గంట వరకు ఇదే పద్ధతిలో మాట్లాడి చూశారు. 3 నెలలకి గంజాయి వాడకం బాగా పడిపోయింది. సంబరపడేలోపే ఏడాది తర్వాతి లెక్క వచ్చింది: మాట్లాడినవాళ్లకీ మాట్లాడనివాళ్లకీ మధ్య ఆ తేడా నిలవలేదు.

ఇక 2004లో ప్రచురితమైన అమెరికా అధ్యయనంలో 450 మంది పెద్దవాళ్లు, గంజాయి మానాలని తమంతట తామే వచ్చినవాళ్లు. కొందరికి 2 సిట్టింగులు, కొందరికి 9, మిగతావాళ్లు వెయిటింగ్‌లో. 4 నెలలకి చూస్తే గంజాయి తాగే రోజులు 2 సిట్టింగులవాళ్లకి సుమారు 36 శాతం, 9 సిట్టింగులవాళ్లకి సుమారు 59 శాతం తగ్గాయి. ఏమీ చేయనివాళ్లకీ 16 శాతం తగ్గింది.

వీటన్నిటినీ పక్కపక్కన పెట్టి నేను అర్థం చేసుకున్నది ఇది. ఒక్కసారి మాట్లాడటం మనిషిలో కదలిక తెస్తుంది, మళ్లీ పలకరించేవాళ్లు లేకపోతే ఆ కదలిక ఆరిపోతుంది. మానాలన్న కోరిక కొంచెమైనా ఉన్నవాళ్లకి ఎక్కువ పనిచేస్తుంది. రెండుసార్లు మాట్లాడటం ఒకసారి కన్నా మేలు, ఆరేడుసార్లు ఇంకా మేలు. పూర్తిగా మానేసేవాళ్లు అన్ని పద్ధతుల్లోనూ తక్కువే, తగ్గించుకునేవాళ్లు ఎక్కువ. రోజూ తాగే మనిషి వారానికి రెండుసార్లకి రావడాన్ని మన ఇళ్లలో ఓటమిగానే చూస్తారు. నేను మాత్రం అలా చూడను, ఎందుకంటే ఆ కుర్రాడికి వారంలో ఐదు పొద్దుళ్లు వెనక్కొచ్చాయి.

ఎక్కువ సిట్టింగుల్లో ఏం చేస్తారు? మాటతో పుట్టిన కోరికకి పనిముట్లు అందిస్తారు. ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చుకోవడం నేర్పే సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ) అనే పద్ధతి నుంచి తీసుకున్నవే ఎక్కువ. ఎప్పుడు, ఎవరితో, ఏ మనఃస్థితిలో తాగుతున్నాడో వారంపాటు రాసుకోమంటారు. ఖర్చెంతో అడిగితే ఎవరైనా తక్కువే చెబుతారు. ఫోన్ తీసి యూపీఐ హిస్టరీ అతన్నే కూడమంటే చాలు, ఆ మొత్తం చూశాక ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు. మనసు లాగినప్పుడు ఆ కెరటం సాధారణంగా కొద్ది నిమిషాల్లో తగ్గుతుంది కాబట్టి అప్పటిదాకా వాయిదా వేయడం, నీళ్లు తాగడం, చోటు మారడం, ఎవరికైనా ఫోన్ చేయడం నేర్పుతారు. ‘ఒక్క పఫ్ రా’ అనే స్నేహితుడికి ఏం చెప్పాలో గదిలోనే రెండుమూడుసార్లు అనిపిస్తారు. చిన్నపిల్లల ఆటలా ఉంటుంది గానీ, టెర్రస్ మీద మాట తడుముకోకుండా రావాలంటే ముందు ఒకసారి నోట పలికి ఉండాలి.

అన్నిటికన్నా ముందు చెప్పాల్సింది విత్‌డ్రాయల్ గురించి, అంటే అలవాటు ఆపినప్పుడు ఒంట్లో, మనసులో వచ్చే ఇబ్బందుల గురించి. ‘గంజాయికి అలవాటు పడరు, ఎప్పుడంటే అప్పుడు మానేయొచ్చు’ అన్న మాట కుర్రాళ్లలో బలంగా ఉంది. రోజూ ఎక్కువగా తాగేవాళ్లు ఉన్నట్టుండి ఆపితే ఒకటి నుంచి మూడు రోజుల్లో చిరాకు, కంగారు, ఆకలి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. మొదటి వారం గట్టిగా ఉండి, రెండు వారాలకి చాలావరకు సర్దుకుంటాయి. నిద్ర ఇబ్బంది, విపరీతమైన కలలు ఇంకొన్నాళ్లు సాగవచ్చు. అమెరికా మనోవైద్యుల వర్గీకరణలో 2013 నుంచి దీన్ని గుర్తించిన సమస్యగానే చేర్చారు. అమీర్‌పేట కుర్రాడి సంగతి మళ్లీ చూడండి. మానేసిన రెండో రాత్రి నిద్ర పట్టదు. ‘నాకు గంజాయి లేనిదే నిద్ర రాదు’ అనుకుంటాడు, మళ్లీ వెలిగిస్తాడు, నిద్ర పడుతుంది. తన రోగానికి మందు దొరికిందనే నమ్ముతాడు. అతన్ని మేల్కొల్పి ఉంచుతున్నది ఆ మందే అని, పది పదిహేను రోజులు ఓర్చుకుంటే నిద్ర దారిన పడుతుందని ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఆ రెండో రాత్రిని వేరుగా చదువుకునేవాడు. ఈ రెండు నిమిషాల సమాచారం కౌన్సెలింగ్ మొత్తంలో సగం విలువ చేస్తుందని నా నమ్మకం.

మన దగ్గర ఇంకో మెలిక కూడా ఉంది. చాలామంది సిగరెట్‌లో పొగాకు దులిపి, కొంత పొగాకు కలిపే గంజాయి నింపుతారు. ఆపినప్పుడు నికోటిన్ కూడా ఆగిపోతుంది. ఆ గిలగిల రెండింటిది. గంజాయి మానేసి సిగరెట్లు రెట్టింపు చేసుకునేవాళ్లు అందుకే కనబడతారు. రెండింటికీ కలిపి ప్లాన్ వేసుకోవాలి.

పావుగంట మాట ఎవరికి పనికిరాదో కూడా స్పష్టంగా చెప్పాలి. ఎవరూ లేకపోయినా మాటలు వినబడుతున్నా, అందరూ తన మీద కుట్ర చేస్తున్నారన్న అనుమానం ముదిరినా, చనిపోవాలన్న ఆలోచనలున్నా ఇది కౌన్సెలర్ దగ్గర ఆగే విషయం కాదు, వెంటనే సైకియాట్రిస్టుకి చూపించాలి. చిన్న వయసులో మొదలుపెట్టి ఎక్కువగా వాడేవాళ్లలో సైకోసిస్, అంటే ఇలా లేనివి ఉన్నట్టు తోచే మానసిక జబ్బు, ముప్పు పెరుగుతుంది. ఇంట్లో అలాంటి జబ్బు ఉన్నవాళ్లకి మరీ జాగ్రత్త కావాలి. ఇలాంటి పిల్లల్ని గాలి సోకిందని ఊళ్లు తిప్పుతూ నెలలు పోగొట్టడం అన్నిటికన్నా బాధాకరం.

ఇంత చెప్పినా ఆ గదిదాకా మనిషి రాడు. కారణం భయం. విశాఖ ఏజెన్సీలో, ఆంధ్రా ఒడిశా సరిహద్దులో గంజాయి పంట మీద 2021లో ఆంధ్రప్రదేశ్ పోలీసులు ఆపరేషన్ పరివర్తన పేరుతో వేల ఎకరాలు నరికించారు. తెలంగాణలోనూ ప్రత్యేక విభాగాలు వచ్చాయి. సరఫరా మీద జరిగే యుద్ధం రోజూ వార్తల్లో ఉంటే, తాగే పిల్లవాడికి అర్థమయ్యేది ఒక్కటే: నోరు విప్పితే కేసు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) 27వ సెక్షన్ ప్రకారం గంజాయి వాడటం నేరమే, 6 నెలల వరకు జైలో, 10 వేల వరకు జరిమానానో, రెండూనో పడవచ్చు. అదే చట్టంలో 64ఎ సెక్షన్ కూడా ఉంది. వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట చికిత్సకి వస్తే, వాడకం, కొద్దిపాటి పరిమాణానికి సంబంధించిన నేరాల్లో విచారణ నుంచి రక్షణ ఇచ్చే సెక్షన్ అది, చికిత్స మధ్యలో వదిలేయనంతవరకు. 27 గురించి చెప్పే పోస్టర్ ప్రతి కాలేజీ గోడ మీదా ఉంటుంది. 64ఎ గురించి చెప్పే పోస్టర్ నేనింతవరకు చూడలేదు.

నంబర్ల దగ్గరా ఇదే గందరగోళం. ఆంధ్రప్రదేశ్‌లో 1972, తెలంగాణలో 1908 గంజాయి, డ్రగ్స్ గురించి పోలీసు విభాగాలకి సమాచారం ఇచ్చేందుకు ప్రచారంలో ఉన్నవి. సాయం కోసం అయితే 14446, ఇది జాతీయ డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్. మనసు బాగోకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416, తెలుగులోనూ మాట్లాడతారు. కొడుకు గురించి బెంగపడే తల్లికి ఈ తేడా తెలియాలి. చేయాల్సిన కాల్ ఏదో తెలియకే చాలామంది ఏ కాలూ చేయరు.

తల్లిదండ్రులకి ఇంకొక్క మాట. తెలుగులో ‘తులసివనంలో గంజాయి మొక్క’ అంటాం, మంచివాళ్ల మధ్య పుట్టిన చెడ్డవాణ్ని. పీకి పారేయాల్సింది అన్న అర్థం ఆ మాటలోనే ఉంది. ఇంట్లో కౌన్సెలర్లు కానక్కర్లేదు, కానీ ఆ గదిలోని ఒక ప్రశ్న అరువు తెచ్చుకోవచ్చు. అతను తాగి లేని పూట, నలుగురూ లేనప్పుడు, ‘అది తాగితే నీకు ఏం బాగుంటుందిరా?’ అని అడిగి, జవాబు పూర్తయ్యేదాకా అడ్డు రాకుండా ఉండటం. మహా కష్టమైన పని అది. అడ్డు రాకుండా ఉండటమే కష్టం.

మన కుర్రాడు మూడు వారాల తర్వాత రెండోసారి వచ్చాడనుకుందాం. కుర్చీ అంచున కూర్చుని ‘సారీ మేడమ్, ఫెయిలయ్యా’ అన్నాడు. ఫ్రెండ్ బర్త్‌డేకి ఒకసారి, ఇంటి నుంచి ఫోన్‌లో గొడవైన రాత్రి ఇంకోసారి తాగాడు. ఆవిడ క్యాలెండర్ ముందుకు జరిపింది.

‘21 రోజుల్లో రెండు రోజులు. మిగతా 19 రోజులూ ఎలా ఆగారు?’

అతను తలెత్తి, క్యాలెండర్ వైపు చూసి, మొదటి సోమవారం నుంచి చెప్పడం మొదలుపెట్టాడు.